మూత వేరే, పెట్టె వేరే

అనగనగా ఒక రాజ్యం. దాని పేరు వేములగిరి. ఆ రాజ్యంలో కోట ఉంది, కోటలో రాజు ఉన్నాడు, రాజుకు ఏనుగులున్నాయి. ఊరి నడుమ పెద్ద సంత ఉంది, ఆ సంతలో రంగురంగుల ప్లాస్టిక్ పెట్టెలు కూడా ఉన్నాయి. రాజుల కాలంలో ప్లాస్టిక్ ఎక్కడిదని అడగబోతున్నారు కదూ? కథలో నక్క మాట్లాడితే నమ్ముతారు, కాకి తీర్పు చెబితే నమ్ముతారు. ఒక్క పెట్టెను నమ్మడానికి ఏం కష్టం? నమ్మండి, కథ ముందుకు నడుస్తుంది.

ఆ రాజ్యంలో ఊరూరా తిరిగి తోలుబొమ్మలాట ఆడే దంపతులుండేవారు. భార్య పేరు హంపక్క, భర్త పేరు ఓబులేసు. హంపక్క బొమ్మలను ఆడించేది, పాటలు పాడేది, రాకుమారికీ రాక్షసుడికీ తన గొంతే ఇచ్చేది. ఓబులేసు మద్దెల వాయించేవాడు, దీపం చూసుకునేవాడు. వాళ్ళకు ఇల్లు లేదు. ఒక ఎడ్లబండి ఉంది, బండిలో ఒక వెదురు బుట్ట ఉంది. ఆ బుట్టే వాళ్ళ ఆస్తి. ఎందుకంటే బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి.

అవి అంగట్లో దొరికే బొమ్మలు కావు. హంపక్క తల్లి మేకతోలును వెలుగు పారేంత పలచగా గీకి, ఎండబెట్టి, సన్నటి ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్ది చేసినవి. రాకుమారి బొమ్మ పాపిట బిళ్ళ చుట్టూ ముత్యాలన్నీ చిల్లులే. వెనక దీపం వెలిగితే ఆ ముత్యాలు నిజంగానే మెరిసేవి. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళు తమ పాపిట తడుముకునేవారు.

ఆ బొమ్మలకు ఒక్కటే భయం, తడి. తోలు తడిస్తే ముడుచుకుపోతుంది, రంగు కారిపోతుంది. కిందటి వానాకాలం వెదురు బుట్ట సందుల్లోంచి నీళ్ళు దిగి, ఏనుగు బొమ్మ తొండం చుట్టలాగా చుట్టుకుపోయింది. ఆ ఏడాదంతా హంపక్క ఆట మొదలుపెట్టే ముందు, మా ఏనుగుకు జలుబు చేసింది, తొండం చాపలేదు, మన్నించండి అని చెప్పుకోవలసి వచ్చింది. పిల్లలు పకపకా నవ్వేవారు. హంపక్కా వాళ్ళతో కలిసి నవ్వేది. బండెక్కాక మాత్రం నవ్వేది కాదు.

మళ్ళీ వానాకాలం దగ్గర పడింది. ఈసారి ఎలాగైనా నీళ్ళు దూరని పెట్టె ఒకటి కొనాలని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. ఏడాదంతా కూడబెట్టుకున్న ఇరవై రూకలను కొంగున ముడివేసుకుని హంపక్క ఓబులేసుతో కలిసి వేములగిరి సంతకు వచ్చింది.

సంతలో పెట్టెలు అమ్మే దుకాణాలు రెండున్నాయి. ఒకటి రత్తాలుది. ఆవిడ చాలా ఏళ్ళుగా అక్కడ అమ్ముతున్న మనిషి. ఆవిడ దగ్గర పెద్ద పెట్టె వెల ఇరవై రూకలు. అడిగినవాళ్ళకు పెట్టెలో పొడిగుడ్డ వేసి, మూత బిగించి, రెండు పక్కలా గొళ్ళేలు టకటకమని నొక్కి, పైనుంచి బిందెడు నీళ్ళు గుమ్మరించి, మళ్ళీ తెరిచి గుడ్డ చూపించేది. గుడ్డ పొడిగానే ఉండేది. వెల మాత్రం ఒక్క రూక కూడా తగ్గించేది కాదు.

రెండో దుకాణం వరహాలయ్యది. ఆయన కొత్తగా వచ్చిన వర్తకుడు. ఆయన మనిషి దుకాణం ముందు పలక వాయిస్తూ, మనిషి పడుకునేంత పెట్టె, అయిదంటే అయిదు రూకలే అని అరుస్తున్నాడు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ పెట్టెలు ఒకదానిలో ఒకటి దూర్చి, గోపురమంత ఎత్తున పేర్చి ఉన్నాయి. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు.

హంపక్క రత్తాలు దుకాణం వైపు ఒకసారి చూసింది. వరహాలయ్య దుకాణం వైపు ఒకసారి చూసింది. ఓబులేసు ఆమె చెవిలో, మిగిలిన పదిహేను రూకలతో మద్దెలకు కొత్త తోలు వేయించుకోవచ్చు, ఎడ్లకు రెండు బండ్ల గడ్డి కొనవచ్చు అన్నాడు. హంపక్కకూ ఆ మాట బాగానే అనిపించింది. జనంలో దూరి, అయిదు రూకలిచ్చి, నీలంరంగు పెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని బయటపడింది.

పెట్టె నిజంగా బాగుంది. దళసరిగా ఉంది, గోడలు నున్నగా ఉన్నాయి. రాక్షసుడి బొమ్మ కూడా వంగకుండా అందులో వెల్లకిలా పడుకుంది. హంపక్క మురిసిపోయింది. ఓబులేసు పలక మీద వేసినట్టు పెట్టె అడుగున ఒక దరువు కూడా వేశాడు. ఆ తరువాత మూత వేద్దామని చూస్తే మూత లేదు.

తొక్కిసలాటలో ఇవ్వడం మరిచిపోయి ఉంటారనుకుని హంపక్క మళ్ళీ సంతకు వెళ్ళింది. వరహాలయ్య పరుపు మీద కూర్చుని ఉన్నాడు. నవ్వుముఖం, తీయటి మాట. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇవ్వనిదే మాట మొదలుపెట్టడు. హంపక్కకూ మజ్జిగ ఇప్పించాడు. ఆమె చెప్పిందంతా విని, తల ఊపి, ఇలా అన్నాడు.

"అమ్మా, నువ్వు పెట్టె అడిగావు, నేను పెట్టె ఇచ్చాను. మూత ఊసు మన మధ్య వచ్చిందా? పెట్టె వేరే, మూత వేరే. మూత పది రూకలు."

హంపక్క తాగుతున్న మజ్జిగ పక్కన పెట్టేసింది. అప్పటికే మద్దెలకు తోలు వేయించారు, గడ్డి కొన్నారు. చేతిలో పది రూకలు లేవు. రత్తాలు దగ్గరికి వెళ్ళి అడిగింది. రత్తాలు మూతలన్నీ తెచ్చి పెట్టి చూసింది. ఆవిడ మూతలు ఆవిడ పెట్టెలకే పడతాయి. ఈ పెట్టె అంచు కొలత వేరు. రత్తాలు జాలిపడి ఒక పాత గోనెపట్టా ఇచ్చి, మూత కొనేదాకా ఇది కప్పుకో అంది.

దంపతులిద్దరూ గోనెపట్టా కప్పిన పెట్టెను బండిలో పెట్టుకుని మూడు ఊళ్ళు తిరిగారు. మూడు ఆటలు ఆడారు. పది రూకలు పోగయ్యాక మళ్ళీ వేములగిరికి వచ్చి మూత కొన్నారు. ఎరుపు మూత. నీలం పెట్టె మీద ఎరుపు మూత పెట్టగానే పెట్టె తలపాగా చుట్టుకున్న పెళ్ళికొడుకులా కనిపించిందని ఓబులేసు అన్నాడు. హంపక్క నవ్వింది. ఈసారి బండెక్కాక కూడా నవ్వింది.

ఏటిగట్టు మీద పోతుండగా వాన పట్టుకుంది. వానతో పాటు గాలి. మూత పెట్టె మీద కూర్చుందే గాని, పెట్టెను పట్టుకోలేదు. బండి ఒక గుంతలో పడి లేచినప్పుడు మూత లేచింది. ఓబులేసు తాడు కట్టాడు. ఆ నున్నటి మూత మీద తాడు నిలవలేదు, జారిపోయింది. ఇంకో గాలి వచ్చింది. మూత గిరగిరా తిరుగుతూ వెళ్ళి తుమ్మచెట్టుకు తగులుకుంది. దాన్ని తెచ్చి మళ్ళీ పెట్టేలోగా జరగవలసింది జరిగిపోయింది.

అన్నిటికన్నా పైన ఉన్నది రాకుమారి బొమ్మ. దాని చీరలోని ఎరుపు కరిగి ముఖం మీదికి కారింది. పాపిట బిళ్ళ దగ్గర తోలు ముడుచుకుని ముత్యాల చిల్లులన్నీ మూసుకుపోయాయి. హంపక్క బండి కింద కూర్చుని పొడిగుడ్డతో ఆ ముఖాన్ని అద్దుతూ ఉండిపోయింది. రంగు గుడ్డకు వచ్చింది కాని, ముఖం తిరిగి రాలేదు. అమ్మ చేతి పని, నేను అయిదు రూకల ఆశకు పోయి పాడుచేశాను అని అంది. ఓబులేసు, నువ్వు కాదు, నేనే కదా గడ్డి అన్నది అన్నాడు.

వాన తెరిపిచ్చాక హంపక్క మూడోసారి వరహాలయ్య దగ్గరికి వెళ్ళింది. దారిలో రత్తాలు దుకాణం తలుపులు వేసి ఉన్నాయి. రత్తాలు అరుగు మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఇరవై అనగానే జనం వెనక్కి తిరిగి అయిదు అన్నవాడి దగ్గరికి పోతున్నారని, దుకాణం ఎత్తివేసి అన్న ఊరికి వెళ్ళిపోదామనుకుంటున్నానని చెప్పింది.

వరహాలయ్య మళ్ళీ మజ్జిగ ఇప్పించాడు. హంపక్క తాగలేదు. మూత ఎగిరిపోయిందని చెప్పింది.

గొళ్ళేలు కొనకపోతే ఎగిరిపోదా మరి అన్నాడు వరహాలయ్య. మూతను పట్టి ఉంచేవి గొళ్ళేలే కదా అన్నాడు. అవి వేరే అన్నాడు. జత ఎనిమిది రూకలన్నాడు.

"మూత నిలవదని మీకు ముందే తెలుసు కదా అయ్యా" అంది హంపక్క.

"తెలుసు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నేను నీతో ఒక్క అబద్ధమైనా ఆడానా చెప్పు."

హంపక్క ఆలోచించింది. నిజమే. పెట్టె అన్నాడు, పెట్టె ఇచ్చాడు. మూత అన్నాడు, మూత ఇచ్చాడు. వెతికినా ఒక్క అబద్ధం దొరకలేదు. అయినా తన చేతిలోని గుడ్డ మీద రాకుమారి చీర రంగు ఎర్రగా అంటుకుని ఉంది. అయిదు, పది, ఎనిమిది కలిపి చూసుకుంటే ఇరవై మూడు. రత్తాలు ఇరవై అన్నదే చవక.

వరహాలయ్యకు ఆమె మీద కోపమేమీ లేదు. పైగా బొమ్మలాట మనిషి అని తెలిసి సంతోషించాడు. తాను కొత్తగా మేడ కట్టించానని, ఎల్లుండి సాయంత్రం గృహప్రవేశం విందు అని, రాజుగారు కూడా వస్తామన్నారని చెప్పాడు. ఆ విందులో బొమ్మలాట పెట్టిస్తే ఘనంగా ఉంటుంది, మీ ఆట వెల ఎంత అని అడిగాడు.

ఊళ్ళలో ఆడితే జనం తోచినంత వేస్తారు గాని, పెద్దింటి విందులో బొమ్మలాటకు ఎవరైనా ఇరవై రూకలు అడుగుతారు. హంపక్క నోటిదాకా ఇరవై వచ్చింది. అక్కడే ఆగింది. ఆమె గుమ్మం బయట పేర్చిన పెట్టెల గోపురం వైపు చూసి, మెల్లగా చెప్పింది.

"అయిదు రూకలు."

వరహాలయ్య కళ్ళు మెరిశాయి. వెంటనే తాంబూలం తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు. ఇంకేమైనా అడగవలసింది ఉందా అయ్యా అని హంపక్క అడిగింది. దుకాణంలో ఉన్న పదిమందీ వింటుండగా ఆయన నవ్వి, అడగడానికేముంది, బొమ్మలాట అంటే బొమ్మలాటే కదా అన్నాడు.

సంగతి విని ఓబులేసు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆమె మనసులో ఉన్నది చెప్పాక ఆ చేతులు ఇంకా గట్టిగా బిగిశాయి. రాజుగారు ఎదురుగా ఉంటారు. ఆయనకు కోపం వస్తే రాజ్యం వదిలిపొమ్మంటారు. ఈ రాజ్యం దాటితే మన పాట అర్థమయ్యేవాళ్ళు లేరు అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఇంకోటి అన్నాడు.

"మన తాతల కాలం నుంచి మొదలుపెట్టిన ఆటను మధ్యలో ఆపిన వాళ్ళు లేరు, హంపీ."

ఆ మాట హంపక్కకు సూటిగా తగిలింది. ఆమె రాకుమారి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. చివరకు, ఆట ఆపను, ఆలస్యం మాత్రమే చేస్తాను, ఆట అయిదు రూకలకే పూర్తవుతుంది, మధ్యలో తీసుకున్న ఒక్క రూక కూడా ఉంచుకోను అని మాట ఇచ్చింది. ఓబులేసు దీర్ఘంగా నిట్టూర్చి, మద్దెల తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు. అది ఆయన సరే అనే పద్ధతి.

విందు రోజు వచ్చింది. మేడ నిండా మామిడాకుల తోరణాలు. ముంగిట్లో ఊరంతా కూర్చుంది. ముందు వరుసలో రాజు చంద్రకేతుడు ముత్యాల కుర్చీలో కూర్చున్నాడు. పక్కన వరహాలయ్య జరీ కండువా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రత్తాలు కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని ఉంది.

పొద్దు వాలింది. తెల్లటి తెర కట్టారు. అందరూ మాటలు ఆపారు. తెర వెనక ఏదో గరగరలాడింది, ఏదో టకటకమంది. తెర మీద మాత్రం ఏమీ కనిపించలేదు. జనం మెడలు చాచారు. ఇంకా చీకటే. ఒక పిల్లవాడు, రాజుగారూ బొమ్మలు నిద్రపోయాయా అని గట్టిగా అడిగాడు.

వరహాలయ్య గబగబా తెర వెనక్కి వెళ్ళి చూస్తే, హంపక్క చీకట్లోనే బొమ్మలను శ్రద్ధగా ఆడిస్తోంది. దీపం ఏదని అడిగాడు. ఆట వేరే, దీపం వేరే అయ్యా అని ఆమె వినయంగా చెప్పింది. దీపం పది రూకలు. ఆయన నోరు తెరిచాడు. కాని బయట రాజుగారు దగ్గారు. ఆయన గబగబా పది రూకలు లెక్కపెట్టి ఇచ్చి బయటకు వచ్చాడు.

దీపం వెలిగింది. జనం ఒక్కసారి ఆహా అన్నారు. తెర మీద తోట ఉంది, నెమలి ఉంది, రాకుమారి ఉయ్యాల ఊగుతోంది. కొండంత రాక్షసుడు వచ్చి ఆమెను ఎత్తుకుపోయి తన కోటలో పెట్టాడు. రాకుమారుడు గుర్రమెక్కాడు. రాకుమారి చేతులు జోడించింది, నోరు కదిపింది. రాక్షసుడు గద ఊపాడు, నోరు కదిపాడు. అందరి నోళ్ళూ కదులుతున్నాయి. మాట ఒక్కటి రాలేదు. పాట లేదు, మద్దెల లేదు. గద నేలకు కొట్టినా చప్పుడు లేదు.

రాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. తనకే వినబడటం లేదేమోనని పక్కనున్న మంత్రిని అడిగాడు. మంత్రికి కూడా అదే అనుమానంగా ఉంది. వరహాలయ్య చెమటలు తుడుచుకుంటూ మళ్ళీ తెర వెనక్కి పరిగెత్తాడు. మాటా పాటా మద్దెలా వేరే అయ్యా, ఎనిమిది రూకలు అంది హంపక్క. ఈసారి ఆయన లెక్కపెట్టలేదు. గుప్పెడు తీసి ఓబులేసు ఒళ్ళో పోసి వచ్చేశాడు.

మద్దెల మోగింది. హంపక్క గొంతు లేచింది. ఆ గొంతు విని వంటశాలలో గరిటెలు ఆగిపోయాయి. రాకుమారి ఏడిస్తే జనం ఏడ్చారు. రాక్షసుడు ఆవులిస్తే పిల్లలు నవ్వారు. రాకుమారుడు కోట వాకిలికి వచ్చాడు. రాక్షసుడు గద పైకెత్తి, పోరా అని గర్జించాడు. రాకుమారుడు కత్తి దూశాడు. రాజు చంద్రకేతుడు కుర్చీ అంచుకు జరిగాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

మద్దెల ఆగింది. గద పైకెత్తి ఉన్నట్టే ఉంది. కత్తి దూసి ఉన్నట్టే ఉంది. ఎవరూ కదలడం లేదు. పిల్లలు ఊరుకోలేక అరవడం మొదలుపెట్టారు.

వరహాలయ్య ఇక ఓర్చుకోలేకపోయాడు. రాజుగారి ముందుకు వచ్చి మొరపెట్టుకున్నాడు. ఈమె నన్ను మోసం చేస్తోంది ప్రభూ అన్నాడు. అయిదు రూకలకు ఆట అని చెప్పి దీపానికి వేరే, మాటకు వేరే తీసుకుంది, ఇప్పుడు ముగింపుకు వేరే అడుగుతుంది చూడండి అన్నాడు. బొమ్మలాటను ఇలా ముక్కలు చేసి అమ్మేవాళ్ళు లోకంలో ఉంటారా అని వాపోయాడు.

రాజు హంపక్కను పిలిపించాడు. ఆయన ముఖంలో కోపమే ఉంది. ఆట అక్కడ ఆగిపోయినందుకు. హంపక్క నమస్కరించి, చేతిలోని రాకుమారి బొమ్మను అలాగే పట్టుకుని నిలబడింది.

ఈయన చెప్పింది నిజమేనా అని రాజు అడిగాడు.

"నిజమే ప్రభూ. కాని నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఇంకేమైనా అడగాలా అయ్యా అని కూడా అన్నాను. బొమ్మలాట అంటే బొమ్మలాటే కదా అన్నారు." అని ఆమె వరహాలయ్య వైపు తిరిగింది. "పెట్టె అంటే కూడా పెట్టే కదా అయ్యా?"

జనంలోంచి ఎవరో ఒకాయన లేచి, నా పెట్టెకు మూత లేదు ప్రభూ, వడ్లన్నీ ఎలుకలు తిన్నాయి అన్నాడు. ఇంకో అమ్మ లేచి, నాకు మూత ఉంది, గొళ్ళేలు లేవు అంది. ఇంకొకరు, ఇంకొకరు. చూస్తుండగానే సగం ఊరు నిలబడింది.

హంపక్క జరిగిందంతా చెప్పి, రంగు కారిన రాకుమారి ముఖాన్ని దీపం వెలుగులో పట్టి చూపింది. రాజు ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయన కోపం తగ్గింది, బొమ్మను ఆమెకు తిరిగి ఇచ్చాడు. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు మంత్రి వైపు తిరిగి, మన వంటశాల పెట్టెల్లో బియ్యం మీద పిల్లి పడుకుంటోందని వంటవాడు మొత్తుకుంటున్నాడు, ఆ పెట్టెలు ఎక్కడివి అని అడిగాడు. మంత్రి తల దించుకున్నాడు. రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. రాజు నవ్వితే ఊరు ఊరుకుంటుందా? ముంగిలంతా గొల్లుమంది.

వరహాలయ్య ముఖం పాలిపోయింది. సంచీ తీసి, ముగింపు వెల ఎంతో చెప్పు, ఇచ్చేస్తాను అన్నాడు.

హంపక్క కొంగుముడి విప్పింది. దీపం రూకలు, మాట రూకలు తీసి ఆయన దోసిట్లో పోసింది. నా ఆట వెల అయిదు రూకలే, మీకు ఆ మాటే ఇచ్చాను అంది. ముగింపుకు రూకలు వద్దంది. ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే చాలంది.

"పెట్టె దేనికి అయ్యా?"

"దాచుకోవడానికి" అన్నాడు వరహాలయ్య.

"మూత లేనిదే దాగుతుందా? గొళ్ళెం లేనిదే మూత నిలుస్తుందా?"

వరహాలయ్య దోసిట్లోని రూకలను చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు, ఆ గర్వంతోనే ఇన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాడు. ఇప్పుడు దీపం లేని తెర ముందు కూర్చున్న ఊరంతా ఆయన కళ్ళ ముందు మెదిలింది. చీకటి తెరను చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు ఈ సాయంత్రమే తెలిసింది. చివరకు తల ఎత్తి, రేపు పొద్దున్న అందరూ దుకాణానికి రండి, మూతలేని వాళ్ళకు మూత, గొళ్ళేలు లేని వాళ్ళకు గొళ్ళేలు ఉత్తనే ఇస్తాను అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, ఆట పూర్తి చెయ్యమ్మా, ఆ పిల్లను ఎంతసేపని ఆ కోటలో ఉంచుతావు అన్నాడు.

హంపక్క తెర వెనక్కి వెళ్ళింది. మద్దెల మళ్ళీ మోగింది. అమ్మ నేర్పిన కథలో రాకుమారుడు యుద్ధం చేసి గెలవాలి. కాని హంపక్కకు ఆ క్షణాన ఇంకో ముగింపు తోచింది. రాకుమారుడు కత్తి దూసి నిలబడే ఉన్నాడు, రాక్షసుడు గద ఎత్తి నిలబడే ఉన్నాడు. వాళ్ళిద్దరి వెనక కోట తలుపు మెల్లగా కిర్రుమని తెరుచుకుంది. రాకుమారి నింపాదిగా బయటికి నడిచి వచ్చింది. రాక్షసుడు వెనక్కి తిరిగి, అదెలా వచ్చావు అని నివ్వెరపోయాడు. రాకుమారి, తలుపు చవగ్గా కొన్నావు కదా మామా, దీనికి గొళ్ళెం లేదు అంది.

రాజు చంద్రకేతుడు కడుపు పట్టుకుని నవ్వాడు. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వినవాడు వరహాలయ్య. ఆ నవ్వులో ఆయన జరీ కండువా జారి కింద పడినా తీసుకోలేదు.

మరునాడు రాజు, సంతలో ఏ వస్తువుకైనా వెల చెబితే అది పనికొచ్చేదాకా అయ్యే పూర్తి వెలే చెప్పాలని చాటింపు వేయించాడు. రాకుమారి బొమ్మకు మేలైన మేకతోలు, రంగులు ఇప్పించాడు. హంపక్క, తన తల్లి చెక్కిన పాత బొమ్మను ముందు పెట్టుకుని, ఒక్కొక్క చిల్లు జాడా వెతికి కొడుతూ, కొత్త రాకుమారిని తయారు చేసింది. ముఖం అచ్చంగా తల్లి గీసినట్టు రాలేదు. కొంచెం తనలాగా వచ్చింది. ఓబులేసు అదే బాగుందన్నాడు.

ఆ వానాకాలమంతా నీలం పెట్టె, ఎరుపు మూత, రెండు గొళ్ళేలు కలిసి బండిలో ప్రయాణం చేశాయి. ఎంత వాన కురిసినా లోపల తోలు పొడిగానే ఉంది. పెట్టె వెల ఇంతా అని ఒకప్పుడు బాధపడిన హంపక్క, ఇప్పుడు దాని మీద కూర్చుని పాటలు కట్టేది.

రత్తాలు అన్న ఊరికి వెళ్ళలేదు. ఆవిడ దుకాణం ముందు మళ్ళీ జనం నిలిచారు. వరహాలయ్య కూడా పెట్టెలు అమ్మడం మానలేదు. ఒకనాడు కొత్తగా పెళ్ళయిన జంట ఆయన దుకాణానికి వచ్చి ఆకుపచ్చ పెట్టె వెల అడిగింది. ఆయన ఇరవై అన్నాడు. అమ్మో అంది ఆ పిల్ల. వరహాలయ్య వాళ్ళకు మజ్జిగ ఇప్పించి, పెట్టె తెచ్చి, మూత పెట్టి, గొళ్ళేలు నొక్కి, బిందెడు నీళ్ళు గుమ్మరించి, తెరిచి చూపించాడు. తరువాత వాళ్ళిద్దరినీ దాని మీద కూర్చోమన్నాడు. వాళ్ళు సిగ్గుపడుతూ కూర్చున్నారు. పెట్టె కిమ్మనలేదు. ఆ అబ్బాయి మారు మాట్లాడకుండా ఇరవై రూకలు తీసి ఇచ్చాడు, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నవ్వుకుంటూ పోయారు. వరహాలయ్య వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఎన్ని పెట్టెలు అమ్మినా, మళ్ళీ మూత కోసం ఎవరూ తిరిగిరాని అమ్మకం ఎంత హాయిగా ఉంటుందో ఆయనకు ఆ రోజే తెలిసింది.

పిల్లలూ, ఇందులో నీతి ఇది: అబద్ధం ఆడనంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదు, సగం దాచి చెప్పిన తక్కువ వెల కన్నా, పూర్తిగా చెప్పిన సరైన వెలే అందరికీ మేలు.